గుండె బ్లాకులు, స్టెంట్లు, మాత్రలు: ఇళ్ళలో తరచుగా అడిగే ప్రశ్నలు, కొత్త పరిశోధనల జవాబులు

నేను డాక్టర్ని కాను. 2009లో మా పెదనాన్న ఛాతీలో మంటను గ్యాస్ అనుకుని రాత్రంతా సోడా, జీలకర్ర నీళ్ళు తాగుతూ వీధి అరుగు మీద కూర్చున్నారు. తెల్లారాక కారు మాట్లాడి తీసుకెళ్తుంటే దారిలోనే పోయారు. ఆయనకు 52 ఏళ్ళు. తర్వాత కొన్నేళ్ళకు మా నాన్నకు గుండెపోటు వచ్చింది. ఈసారి గంటన్నరలో ఆసుపత్రికి చేరాం, మూసుకుపోయిన నాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలి గొట్టం, అంటే స్టెంటు వేశారు. ఇప్పుడు రోజూ సాయంత్రం నడకకు వెళ్తున్నారు. అప్పటినుంచి గుండె రక్తనాళాల జబ్బు మీద వచ్చే పరిశోధనలు చదువుతున్నాను, తెలియనివి డాక్టర్లను అడుగుతున్నాను. చుట్టాలు, స్నేహితులు నన్ను అడిగిన ప్రశ్నలే ఇవి. మీ మందులు మార్చాలన్నా ఆపాలన్నా మీ డాక్టరుతో మాట్లాడాకే చేయండి.

ఇది గ్యాస్ నొప్పా, గుండె నొప్పా? ఎలా తెలుస్తుంది?

ఇంట్లో కూర్చుంటే తెలియదు. ఈసీజీ తీస్తేనే తెలుస్తుంది, అదీ ఒక్కోసారి ఒక్కటి సరిపోదు. మొదటి ఈసీజీ మామూలుగా ఉన్నా, కాసేపాగి మళ్ళీ తీస్తే తేడా కనబడవచ్చు. గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ పరీక్ష కూడా చేయాలి. ఈసీజీ బాగుందని వెంటనే ఇంటికి పంపేస్తుంటే, "ట్రోపోనిన్ చేశారా, ఈసీజీ ఇంకోసారి తీస్తారా" అని అడగండి.

ఛాతీ మీద ఎవరో బరువు పెట్టినట్టు ఉండడం, ఎడమ చేతికో దవడకో వీపుకో నొప్పి పాకడం, చల్లటి చెమటలు, ఆయాసం వస్తే వెంటనే బయల్దేరాలి. షుగరు ఉన్నవాళ్ళకు, ఆడవాళ్ళకు, వయసు పైబడినవాళ్ళకు అసలు నొప్పే ఉండకపోవచ్చు. ఉన్నట్టుండి నీరసం, వాంతి వచ్చినట్టు ఉండడం, నాలుగడుగులు వేస్తే ఊపిరి అందకపోవడం ఉంటాయి, అంతే. "పొద్దున్నుంచీ ఏదోలా ఉంది" అని అమ్మ అంటే, వంటింటి వేడికి అనుకుని వదిలేయకండి.

మన దేశంలో 50 ఊళ్ళలోని ఆసుపత్రుల్లో 20,468 మంది గుండె రోగుల వివరాలు సేకరించిన క్రియేట్ అధ్యయనం 2008లో అచ్చయింది. నొప్పి మొదలైన దగ్గర్నుంచి ఆసుపత్రి చేరడానికి రోగుల్లో సగం మందికి ఆరు గంటలు, అంతకంటే ఎక్కువే పట్టిందని అందులో తేలింది. రక్తం అందని గుండె కండరం ఈ ఆరు గంటల్లో కొంచెం కొంచెంగా చచ్చిపోతూ ఉంటుంది. ఆ తర్వాత ఎంత గొప్ప వైద్యం చేసినా చచ్చిన కండరం తిరిగి రాదు. ఈ పేజీలో ఇంకేదీ చదవకపోయినా ఈ ఒక్క జవాబు మీ ఇంట్లోవాళ్ళకు చదివి వినిపించండి.

మాది పల్లెటూరు. యాంజియోప్లాస్టీ చేసే ఆసుపత్రి వంద కిలోమీటర్ల దూరం. ఏం చేయాలి?

ముందు 108కి ఫోన్ చేయండి. రక్తనాళం పూర్తిగా మూసుకుపోయిన రకం గుండెపోటులో, దాదాపు రెండు గంటల్లోపు యాంజియోప్లాస్టీ, అంటే బెలూన్‌తో నాళం తెరిచి స్టెంటు వేయడం, జరిగే అవకాశం ఉంటే అదే మేలు. అంత త్వరగా కుదరకపోతే, దగ్గరలోని ఆసుపత్రిలోనే గడ్డను కరిగించే సూది మందు ఇచ్చి, ఆ తర్వాత పెద్దాసుపత్రికి పంపాలి. టెనెక్టెప్లేజ్, స్ట్రెప్టోకైనేజ్ అలాంటి మందులే. నొప్పి మొదలైన 12 గంటల లోపు ఇవి ఇవ్వవచ్చు, మొదటి మూడు గంటల్లో ఇస్తే బాగా పనిచేస్తాయి. 2013లో వచ్చిన స్ట్రీమ్ అనే పరిశోధనలో, త్వరగా ఆసుపత్రికి వచ్చినా గంటలోపు యాంజియోప్లాస్టీ దొరకని రోగులకు ముందు సూది మందు ఇచ్చి తర్వాత యాంజియోగ్రామ్, అంటే రంగు మందు ఎక్కించి నాళాలను ఎక్స్‌రేలో చూసే పరీక్ష, చేశారు. నేరుగా యాంజియోప్లాస్టీ చేసినవాళ్ళతో సమానంగానే ఫలితాలు వచ్చాయి. అయితే ఈ మందుతో మెదడులో రక్తస్రావం అయ్యే ప్రమాదం కొంచెం ఉంటుంది. అందుకే ఈమధ్య పక్షవాతం వచ్చిందా, పెద్ద ఆపరేషన్ ఏదైనా జరిగిందా అని ముందే అడుగుతారు.

చిన్న ఆసుపత్రిలో ఈసీజీ తీసి, ఆ బొమ్మను పెద్దాసుపత్రి నిపుణులకు పంపి, వాళ్ళ సలహాతో అక్కడే ఈ సూది మందు ఇచ్చే పద్ధతిని ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ప్రభుత్వ ఆసుపత్రుల్లో మొదలుపెట్టారు. మీ దగ్గరలో ఏ ఆసుపత్రిలో ఇది ఉందో ఇవాళే కనుక్కుని, ఆ నంబరు గోడ మీద రాసి పెట్టుకోండి. నొప్పి వచ్చిన రాత్రి కనుక్కునేంత తీరిక ఎవరికీ ఉండదు.

ఆస్పిరిన్ నమలమంటారు, సార్బిట్రేట్ నాలుక కింద పెట్టమంటారు. ఏది సరి?

గుండెపోటు అనుమానం ఉండి, ఆస్పిరిన్ ఎలర్జీ గానీ రక్తస్రావం జబ్బు గానీ లేకపోతే, సుమారు 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలి మింగడం మంచిదే. సార్బిట్రేట్ అలా కాదు. అది బీపీని ఉన్నట్టుండి పడేస్తుంది. అప్పటికే బీపీ తగ్గి చెమటలు పడుతున్న మనిషికి పెడితే కుప్పకూలిపోవచ్చు. మీ డాక్టరు ముందే రాసి ఇచ్చి, ఎలా వాడాలో చెప్పి ఉంటేనే వాడండి. గట్టిగా దగ్గితే గుండెపోటు ఆగిపోతుందని వాట్సాప్‌లో తిరిగే సలహా తప్పు. ఏ మాత్ర వేసుకున్నా ప్రయాణం ఆపకూడదు.

నడిస్తే కాస్త ఆయాసం వస్తోందని యాంజియోగ్రామ్ చేస్తే 80 శాతం బ్లాక్ ఉందన్నారు. వెంటనే స్టెంటు వేయించకపోతే ప్రాణం మీదికి వస్తుందా?

నన్ను అన్నిటికంటే ఎక్కువ మంది అడిగేది ఇదే. యాంజియోగ్రామ్ బల్ల మీద మనిషి పడుకుని ఉంటాడు, బయట కుటుంబాన్ని పిలిచి "ఇప్పుడే చెప్పండి, వేయమంటారా" అని అడుగుతారు. ఆ టెన్షన్‌లో ఎవరైనా వేయమనే అంటారు. అందుకే ముందే తెలుసుకుని ఉండాలి.

ఇక్కడ రెండు పరిస్థితులను కలిపేయకూడదు. గుండెపోటు వచ్చినప్పుడు స్టెంటు ప్రాణం కాపాడుతుంది, అందులో వాదన లేదు. నెలల తరబడి ఒకేలా ఉన్న ఆయాసం, నడిస్తే వచ్చి ఆగితే పోయే నొప్పి, లేదా ఏ బాధా లేకుండా చెకప్‌లో బయటపడిన బ్లాకు వేరే సంగతి. దీన్ని స్థిరంగా ఉన్న జబ్బు అంటారు.

స్థిరంగా ఉన్న జబ్బు మీద 2007లో కరేజ్ పరిశోధన వచ్చింది. 2,287 మందిలో సగం మందికి మంచి మందులు మాత్రమే ఇచ్చారు, మిగతా సగానికి మందులతో పాటు స్టెంటు కూడా వేశారు. మరణాల్లో, గుండెపోట్లలో తేడా రాలేదు. "అందులో ఉన్నవాళ్ళకు జబ్బు తక్కువ, అందుకే తేడా రాలేదు" అన్నారు విమర్శకులు. దానికి జవాబుగా ఇస్కీమియా పరిశోధన చేశారు. 37 దేశాల్లో 5,179 మంది పాల్గొన్నారు, మన దేశం నుంచి కూడా రోగులు ఉన్నారు. వీళ్ళందరికీ పరీక్షల్లో గుండెకు రక్తం బాగా తగ్గుతోందని ముందే తేలింది. ఫలితాలు 2020లో అచ్చయ్యాయి. స్టెంటు గానీ బైపాస్ ఆపరేషన్ గానీ మొదట్లోనే చేసిన వర్గంలో 145 మంది చనిపోయారు. మందులతో మొదలుపెట్టిన వర్గంలో 144 మంది. దాదాపు ఒకటే. మందుల వర్గంలో నాలుగేళ్ళలో ఐదో వంతు మందికి పైగా తర్వాత ఎప్పుడో స్టెంటో ఆపరేషనో అవసరమైంది. మిగతావాళ్ళకు ఆ కాలంలో ఆ అవసరం రాలేదు.

80 శాతం పూడిక తీసేస్తే గుండెపోటు రాకుండా పోవాలి కదా అని నాకూ మొదట్లో అనిపించింది. మా కోనసీమ కాలువలు గుర్తొచ్చాక అర్థమైంది. కాలువలో గుర్రపుడెక్క పేరుకుని నీరు తక్కువ పారుతున్న చోటు అందరికీ కనబడుతుంది. గండి మాత్రం అక్కడే పడాలని లేదు. పైకి బాగానే ఉన్నట్టు కనిపించే గట్టు లోపల మెత్తబడి, ఒక రాత్రి తెగుతుంది. గుండెపోటు కూడా చాలాసార్లు ఇలాగే వస్తుంది. 30, 40 శాతమే ఉన్న కొవ్వు పూడిక పైపొర చిట్లుతుంది, దాని మీద రక్తం గడ్డకడుతుంది, నిమిషాల్లో నాళం మూసుకుపోతుంది. స్టెంటు ఒక చోటునే తెరుస్తుంది. మందులు గట్టు పొడవునా పనిచేస్తాయి.

మరి స్టెంటు వల్ల ఉపయోగమే లేదా అంటే, ఉంది. నొప్పి తగ్గుతుంది. దీని మీద లండన్ పరిశోధకులు చాలా ధైర్యంగా పరీక్ష చేశారు. 2017లో వచ్చిన ఆర్బిటాలో 200 మందిని తీసుకుని, సగం మందికి స్టెంటు వేశారు. మిగతావాళ్ళను మత్తులో ఉంచి, స్టెంటు వేసినట్టే అన్నీ చేసి, వేయలేదు. ఎవరికి వేశారో రోగికి తెలియదు. ఆరు వారాల తర్వాత ట్రెడ్‌మిల్ మీద ఎంతసేపు నడవగలిగారో చూస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అందరూ అప్పటికే నొప్పి తగ్గించే మందులు బాగా వాడుతున్నారు. 2023లో వచ్చిన ఆర్బిటా-2లో 301 మందికి ఆ మందులు ఆపేసి, అదే పద్ధతిలో పరీక్షించారు. ఈసారి స్టెంటు వేసినవాళ్ళకు నొప్పి స్పష్టంగా తగ్గింది. అయినా వాళ్ళలో చాలామందికి ఎంతో కొంత నొప్పి మిగిలే ఉంది.

కాబట్టి స్థిరమైన జబ్బులో, మందులు వాడినా నొప్పి వల్ల పొలం పనీ మెట్లెక్కడమూ కష్టంగా ఉంటే స్టెంటు వేయించుకోవడంలో తప్పు లేదు. బాధ లేకపోతే, లేదా మందులతో తగ్గిపోతే, ఆలోచించుకునే సమయం మీకు ఉంది. యాంజియోగ్రామ్‌కు ఒప్పుకునే ముందే, "అత్యవసరమైతే తప్ప అదే రోజు స్టెంటు వద్దు, రిపోర్టు చూసుకుని మాట్లాడదాం" అని చెప్పవచ్చు. అడిగితే డాక్టరుకు కోపం వస్తుందేమోనని మొహమాటపడకండి.

ఇస్కీమియా ఫలితాలు అందరికీ వర్తించవు. ఎడమ ప్రధాన నాళంలో, అంటే డాక్టర్లు లెఫ్ట్ మెయిన్ అనే చోట, పెద్ద బ్లాకు ఉన్నవాళ్ళను ఆ పరిశోధనలో చేర్చలేదు. గుండె పంపింగ్, అంటే ఎకో రిపోర్టులో ఈఎఫ్ అని రాసేది, 35 శాతం కంటే తక్కువ ఉన్నవాళ్ళను, మందులకు లొంగని తీవ్రమైన నొప్పి ఉన్నవాళ్ళను, ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్ళను కూడా చేర్చలేదు. మీరు వీళ్ళలో ఒకరైతే పై మాటలు మీకు కావు.

గుండెపోటు వచ్చిన నాళంలో స్టెంటు వేశారు. ఇంకో నాళంలో కూడా బ్లాకు ఉంది, మళ్ళీ రమ్మన్నారు. అది అవసరమా?

పెద్ద గుండెపోటు తర్వాత అయితే ఆ సలహాకు ఆధారం ఉంది. 2019లో వచ్చిన కంప్లీట్ పరిశోధనలో 4,041 మంది ఉన్నారు. మిగిలిన పెద్ద బ్లాకులకు కూడా స్టెంట్లు వేసిన వర్గంలో గుండెజబ్బు మరణాలు, కొత్త గుండెపోట్లు కలిపి చూస్తే తగ్గాయి. రెండోసారి అదే రోజు చేయనక్కర్లేదు, కొన్ని వారాల్లోపు చేయవచ్చు.

షుగరు ఉంది, మూడు నాళాల్లో బ్లాకులు. బైపాస్ మంచిదా, స్టెంట్లు మంచివా?

ఛాతీ కోస్తారనే భయంతో చాలామంది స్టెంట్ల వైపే మొగ్గుతారు. షుగరు ఉండి రెండు మూడు నాళాల్లో జబ్బు ఉన్నవాళ్ళలో మాత్రం 2012 నాటి ఫ్రీడమ్ పరిశోధన బైపాస్ వైపే మొగ్గింది. 1,900 మందిని ఐదేళ్ళు చూస్తే మరణం, గుండెపోటు, పక్షవాతం కలిపి స్టెంట్ల వర్గంలో 26.6 శాతం మందికి, బైపాస్ వర్గంలో 18.7 శాతం మందికి వచ్చాయి. పక్షవాతం ఒక్కటే చూస్తే బైపాస్‌లో కొంచెం ఎక్కువ. ఇలాంటప్పుడు కార్డియాలజిస్టు ఒక్కరి మాటే కాకుండా గుండె ఆపరేషన్లు చేసే సర్జన్ మాట కూడా వినండి. ఒకే రిపోర్టు ఇద్దరికీ చూపించడం మీ హక్కు.

టీఎంటీ నార్మల్ వచ్చింది. ఇక భయం లేనట్టేనా?

టీఎంటీ అంటే ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ ఈసీజీ చూసే పరీక్ష. రక్తప్రవాహం బాగా తగ్గినప్పుడే అందులో తేడా కనబడుతుంది. పైన చెప్పిన 30, 40 శాతం మెత్తటి పూడికలు దానికి అందవు. అందుకే "పోయిన నెలే టీఎంటీ బాగుందన్నారు, ఇప్పుడు గుండెపోటు వచ్చింది" అనే మాట వింటుంటాం. ఎవరో మోసం చేశారని కాదు, ఆ పరీక్షకు తెలిసేది అంతే.

ఛాతీ నొప్పితో వచ్చినవాళ్ళకు సీటీ యాంజియోగ్రామ్, అంటే సీటీ స్కాన్‌తో గుండె నాళాలను చూసే పరీక్ష, చేస్తే ఏమవుతుందో స్కాట్లండ్‌లో 4,146 మంది మీద చూశారు. స్కాట్-హార్ట్ అని దాని పేరు. ఐదేళ్ళలో గుండెజబ్బుతో మరణం లేదా గుండెపోటు మామూలు పద్ధతిలో 3.9 శాతం మందికి వస్తే, సీటీ కూడా చేసినవాళ్ళలో 2.3 శాతం మందికి వచ్చాయి. పదేళ్ళ తర్వాత చూసినా తేడా నిలిచే ఉందని 2025లో ప్రకటించారు. నాకు ఇందులో నచ్చిన సంగతి ఒకటుంది. సీటీ చేసినవాళ్ళకు ఐదేళ్ళలో స్టెంట్లేమీ ఎక్కువ పడలేదు. నాళాల్లో పూడిక మొదలైందని కళ్ళతో చూశాక వాళ్ళకు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్, ఆస్పిరిన్ లాంటి మందులు ఎక్కువగా రాశారు. మేలు జరిగింది చాలావరకు అక్కడేనని పరిశోధకుల అంచనా.

నాళాల గోడల్లో పేరుకున్న కాల్షియాన్ని కొలిచే కాల్షియం స్కోరు కూడా సీటీయే, కానీ సూది, రంగు మందు అక్కర్లేదు. స్టాటిన్ మొదలుపెట్టాలా వద్దా అనే సందిగ్ధంలో ఉన్న నడివయసు వాళ్ళకు పనికొస్తుంది. 35 ఏళ్ళ మనిషికి సున్నా వచ్చిందంటే పూడిక లేదని పూర్తిగా నమ్మకూడదు. చిన్న వయసులో పూడిక ఇంకా సున్నం పట్టకుండా మెత్తగానే ఉంటుంది.

ఏ బాధా లేనివాళ్ళకు ప్యాకేజీలో భాగంగా యాంజియోగ్రామ్ దాకా తీసుకెళ్ళడం నాకు సరైన పనిగా అనిపించదు.

మనవాళ్ళకు ఇంత చిన్న వయసులోనే ఎందుకు వస్తోంది?

52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 2004లో అచ్చయింది. దక్షిణాసియా వాళ్ళకు మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్ళకు వస్తే, మిగతావాళ్ళకు 59కి వచ్చింది. అంటే ఆరేళ్ళు ముందు. మన రక్తంలోనే ఏదో శాపం ఉందని అనుకోకండి. అదే అధ్యయనంలో, పొగాకు, కొవ్వు, బీపీ, షుగరు, పొట్ట చుట్టూ కొవ్వు, మానసిక ఒత్తిడి, పండ్లూ కూరగాయలూ తక్కువ తినడం, కదలకపోవడం లాంటి తొమ్మిది కారణాలే దాదాపు 90 శాతం గుండెపోట్లకు మూలమని తేలింది. మనవాళ్ళకు అవే కారణాలు చిన్న వయసులో పట్టుకుంటున్నాయి. ఇది పట్నం జబ్బు కూడా కాదు. గోదావరి జిల్లాల్లో 45 ఊళ్ళలో మరణాలకు కారణాలు రాసుకుంటూ పోయిన పరిశోధకులు, గుండె, రక్తనాళాల జబ్బులే మొదటి కారణమని 2006లోనే చెప్పారు.

వంశంలో వచ్చేది ఒకటుంది. దాని పేరు లైపోప్రోటీన్ ఏ. ఇది చాలావరకు పుట్టుకతో నిర్ణయమైపోతుంది, తిండి మార్చినా పెద్దగా మారదు. మామూలు కొలెస్ట్రాల్ పరీక్షలో ఇది కనబడదు, విడిగా అడగాలి. భారతీయుల్లో సుమారు నాలుగో వంతు మందికి ఎక్కువగా ఉంటుందని, ప్రతి ఒక్కరూ జీవితంలో ఒక్కసారైనా చేయించుకోవాలని కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024 మార్గదర్శకాల్లో రాసింది. 50 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం పెరుగుతుంది. దీన్ని తగ్గించే పెలాకార్సెన్, ఒల్పాసిరాన్ లాంటి మందుల మీద పెద్ద పరిశోధనలు నడుస్తున్నాయి. ఈలోగా ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్, బీపీ, షుగరులను ఇంకా గట్టిగా అదుపులో పెట్టుకోవడమే దారి. నా లెక్క తేల్చుకున్నాక మా పెదనాన్న పిల్లలిద్దరికీ ఈ పరీక్ష చేయించాను. ఒకరికి ఎక్కువే వచ్చింది.

ఎల్‌డీఎల్ ఎంత ఉండాలి? ల్యాబ్ రిపోర్టులో నార్మల్ అనే ఉంది.

ల్యాబ్ కాగితం మీద ఉండే నార్మల్ అందరికీ ఒకటే. మీకు కావాల్సింది మీ ప్రమాదానికి తగ్గ అంకె. అదే 2024 మార్గదర్శకాల ప్రకారం ఇప్పటికే గుండెపోటు వచ్చినవాళ్ళకు 55 కంటే తక్కువ, షుగరు, బీపీ ఉన్న ఎక్కువ ప్రమాదం వర్గానికి 70 కంటే తక్కువ, మామూలు వాళ్ళకు 100 కంటే తక్కువ ఉండాలి. స్టెంటు వేయించుకున్న మనిషికి 98 వస్తే కాగితం నార్మల్ అంటుంది, నిజానికి అది చాలా ఎక్కువ.

కొలెస్ట్రాల్ మాత్రలు వాడితే కాళ్ళు లాగుతాయట, లివర్ పాడవుతుందట. మానేయవచ్చా?

స్టెంటు వేయించుకుని ఆర్నెల్లకు స్టాటిన్ మానేసేవాళ్ళను చూస్తే నాకు గుండె తరుక్కుపోతుంది. ఎల్‌డీఎల్ సుమారు 39 పాయింట్లు తగ్గితే గుండెపోటు, పక్షవాతం లాంటివి ఐదో వంతుకు పైగా తగ్గుతాయని లక్షన్నర మందికి పైగా రోగుల లెక్కలు కలిపి చూసి తేల్చారు.

కాళ్ళ నొప్పుల మీద లండన్‌లో చేసిన శామ్సన్ అనే చిన్న పరిశోధన 2020లో వచ్చింది. దుష్ప్రభావాల వల్ల స్టాటిన్ మానేసిన 60 మందికి పన్నెండు డబ్బాలు ఇచ్చారు. నాలుగింటిలో స్టాటిన్, నాలుగింటిలో మందు లేని ఉత్త మాత్రలు, నాలుగు ఖాళీ. నెలకో డబ్బా. రోజూ బాధ ఎంత ఉందో ఫోన్‌లో అంకె వేయాలి. ఖాళీ డబ్బా నెలల్లో బాధ తక్కువ. స్టాటిన్ నెలల్లో ఎక్కువ. ఉత్త మాత్రల నెలల్లో కూడా దాదాపు అంతే ఎక్కువ! స్టాటిన్‌తో వచ్చిన బాధలో 90 శాతం ఉత్త మాత్రతో కూడా వచ్చింది. వాళ్ళు అబద్ధం చెప్పలేదు, నొప్పి నిజంగానే వచ్చింది. కానీ అది చాలావరకు మాత్ర వేసుకుంటున్నామనే భయం నుంచి వచ్చింది, మందు నుంచి కాదు. ఈ ఫలితం చూపించాక వాళ్ళలో సగం మంది మళ్ళీ స్టాటిన్ మొదలుపెట్టారు.

నిజంగా కండరాలు దెబ్బతినడం ఉంది కానీ అరుదు. నొప్పి తీవ్రంగా ఉండి మూత్రం ముదురు రంగులో వస్తే వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. షుగరు అంచున ఉన్నవాళ్ళకు షుగరు కొంచెం పెరగవచ్చు. మోతాదు తగ్గించవచ్చు, ఇంకో స్టాటిన్‌కు మారవచ్చు, ఎజెటిమైబ్ అనే ఇంకో కొలెస్ట్రాల్ మాత్ర కలపవచ్చు. స్టాటిన్ ఎలాగూ పడదంటే బెంపెడోయిక్ యాసిడ్ ఉంది. 2023లో వచ్చిన క్లియర్ అవుట్‌కమ్స్ పరిశోధనలో అది 13,970 మందిలో పెద్ద గుండె సమస్యలను 13 శాతం తగ్గించింది. ఇంకా తగ్గించాలంటే ఎవోలోక్యుమాబ్, అలిరోక్యుమాబ్, ఆరు నెలలకోసారి ఇచ్చే ఇంక్లిసిరాన్ సూదులు ఉన్నాయి. ఖర్చు ఎక్కువ.

మందులతో బ్లాకులు కరుగుతాయా?

పూర్తిగా మాయం కావు. నాళం లోపలికి చిన్న కెమెరా లాంటిది పంపి చేసిన పరిశోధనల్లో, ఎల్‌డీఎల్ బాగా తగ్గించినవాళ్ళలో పూడిక కొంచెం కుంచించుకుపోయింది. దాని పైపొర మందమైంది. పైపొర మందమైతే చిట్లే అవకాశం తగ్గుతుంది, మనకు కావాల్సింది అదే.

ఆపరేషన్ లేకుండా బ్లాకులు కరిగిస్తామని కీలేషన్ సెలైన్లు ఎక్కించే చోట్ల జాగ్రత్త. 2024లో వచ్చిన ట్యాక్ట్-2 పరిశోధనలో, గుండెపోటు వచ్చిన షుగరు రోగులకు ఆ సెలైన్ల వల్ల మేలు కనబడలేదు. ఆ డబ్బుతో ఏళ్ళ తరబడి స్టాటిన్ కొనుక్కోవచ్చు.

వాపు తగ్గించే గౌట్ మందు గుండెకు కూడా వాడుతున్నారట?

అది కోల్చిసిన్, గౌట్ అనే కీళ్ళ వాపు జబ్బుకు వాడేది. నాళాల గోడల్లో ఉండే వాపు కూడా గుండెపోటుకు కారణమని తేలాక దీన్ని పరీక్షించారు. స్థిరమైన జబ్బు ఉన్న 5,522 మంది మీద 2020లో వచ్చిన లోడోకో-2లో రోజుకు అర మిల్లీగ్రాము మోతాదు సమస్యలను 31 శాతం తగ్గించింది. 2023లో అమెరికా దీన్ని గుండెకు అనుమతించింది. 2024లో గుండెపోటు వచ్చిన వెంటనే ఇచ్చి చూసిన 7,062 మందిలో లాభం రాలేదు. అంటే లెక్క ఇంకా తేలలేదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు ప్రమాదం, కొన్ని యాంటీబయాటిక్‌లతో కలిస్తే విషమవుతుంది. మెడికల్ షాపులో అడిగి కొనే మందు కాదు.

బరువు తగ్గించే సెమాగ్లుటైడ్ సూది గుండెకు మంచిదేనా?

గుండె లేదా రక్తనాళాల జబ్బు ఉండి, బరువు ఎక్కువ ఉండి, షుగరు లేని 17,604 మంది మీద 2023లో వచ్చిన సెలెక్ట్ పరిశోధనలో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి 20 శాతం తగ్గాయి. పెళ్ళి ఫోటోల కోసం వాడుతున్నవాళ్ళకు ఈ ఫలితం వర్తించదు.

జబ్బేమీ లేదు. ముందు జాగ్రత్తగా రోజూ ఆస్పిరిన్ వేసుకోవచ్చా?

వద్దు. 2018లో మూడు పెద్ద పరిశోధనలు వచ్చాయి. జబ్బు లేనివాళ్ళలో లాభం ఉంటే గింటే చాలా తక్కువ, కడుపులోనూ ఇతర చోట్లా రక్తస్రావం మాత్రం పెరిగింది. 19,114 మంది పెద్ద వయసువాళ్ళ మీద చేసిన ఆస్ప్రీలో అసలు లాభమే కనబడలేదు. స్టెంటు ఉన్నవాళ్ళు, గుండెపోటు వచ్చినవాళ్ళు ఇది చదివి తమ ఆస్పిరిన్ ఆపకూడదు. పన్ను పీకించుకోవాలన్నా స్టెంటు వేసిన డాక్టరును అడగకుండా రక్తం పలచబడే మాత్రలు ఆపితే స్టెంటులో గడ్డ కట్టవచ్చు.

అన్నం, ఆవకాయ మానేయాలా?

అన్నం మానక్కర్లేదు, కుప్ప తగ్గించాలి. కంచంలో సగం కూర, పప్పు ఉండి, అన్నం పావు వంతు ఉంటే చాలు. పాలిష్ తక్కువ పట్టిన బియ్యం, జొన్నలు, రాగులు మంచివే.

ఉప్పు మాత్రం మన ఇళ్ళలో నిజంగా ఎక్కువ. రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీ స్పూను లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆవకాయ, మజ్జిగ మిరపకాయలు, అప్పడాలు, పచ్చళ్ళలోనే అది అయిపోతుంది. సోడియం కొంత తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు మీద చైనాలోని 600 పల్లెల్లో, దాదాపు 21 వేల మంది మీద చేసి 2021లో ప్రకటించిన పరిశోధనలో పక్షవాతం 14 శాతం తగ్గింది, మరణాలు కూడా తగ్గాయి. ఇలాంటి ఉప్పునే మన తెలంగాణ పల్లెల్లో సుమారు 500 మందికి ఇచ్చి చూస్తే పై బీపీ నాలుగున్నర పాయింట్లకు పైగా తగ్గింది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, పొటాషియం పెంచే బీపీ మాత్రలు వాడేవాళ్ళు అడగకుండా ఆ ఉప్పు వాడకూడదు.

చేప నూనె మాత్రల మీద నాకు నమ్మకం పోయింది. చేప తినండి.

గుండెపోటు తర్వాత ఇచ్చిన బీటా బ్లాకర్ జీవితాంతం వాడాలా?

బీటా బ్లాకర్ అంటే గుండె వేగాన్ని, బీపీని తగ్గించే మాత్ర. గుండె పంపింగ్ తగ్గినవాళ్ళకు అవసరమే. పంపింగ్ బాగున్నవాళ్ళ విషయంలోనే ఇప్పుడు చర్చ. 2024లో స్వీడన్ వాళ్ళు నడిపిన రెడ్యూస్-ఎఎంఐలోనూ, 2025లో స్పెయిన్ వాళ్ళు నడిపిన రీబూట్‌లోనూ లాభం కనబడలేదు. అదే 2025లో నార్వే, డెన్మార్క్ పరిశోధనలో కొంత లాభం కనబడింది. ఎకో రిపోర్టు పట్టుకెళ్ళి "నాకు ఇంకా అవసరమా" అని అడగండి. హఠాత్తుగా ఆపితే గుండె దడ, నొప్పి రావచ్చు.

స్టెంటు ధర ఎంత? ఎక్కువ తీసుకుంటున్నారేమో ఎలా తెలుస్తుంది?

2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్ల ధరలకు పరిమితి పెట్టింది. అప్పుడు మందు పూసిన స్టెంటుకు 29,600 రూపాయలు, మామూలు దానికి 7,260 రూపాయలు. అంతకుముందు లక్ష దాటి తీసుకునేవాళ్ళు. తర్వాత ఈ ధరలు మారుతూ వచ్చాయి. బిల్లులో స్టెంటు పేరు, ధర విడిగా చూపించాలి, స్టిక్కరు కూడా అడిగి తీసుకోండి. రెండు రాష్ట్రాల్లోనూ ఆరోగ్య పథకాల కింద అర్హులకు యాంజియోప్లాస్టీ, బైపాస్ ఉచితంగా చేస్తారు. కార్డు ఉందని ఆసుపత్రిలో చేరేటప్పుడే చెప్పాలి.

గుండె రోగులకు ఫ్లూ టీకా ఎందుకు?

జలుబు, జ్వరం వచ్చిన రోజుల్లో నాళాల్లో వాపు పెరిగి పూడికలు చిట్లే ప్రమాదం పెరుగుతుంది. 2021లో వచ్చిన ఐఎఎంఐ పరిశోధనలో గుండెపోటు వచ్చిన వెంటనే ఆసుపత్రిలోనే ఫ్లూ టీకా వేశారు. ఏడాదిలో మరణాలు టీకా వర్గంలో 2.9 శాతం, ఉత్త సూది వర్గంలో 4.9 శాతం. ఇంత చవకైన సూదికి ఇంత ఫలితం వచ్చిందని తెలిశాక ఏటా మా నాన్నకు వేయిస్తున్నాను. ఇంతవరకు ఏ డాక్టరూ మాకు తనంతట తాను చెప్పలేదు, మేమే అడిగాం.

రిపోర్టుల ఫైలులో ఏవి తప్పనిసరిగా ఉంచుకోవాలి?

డిశ్చార్జ్ సమ్మరీ, యాంజియోగ్రామ్ సీడీ, స్టెంటు స్టిక్కరు, చివరి ఎకో, చివరి కొలెస్ట్రాల్ రిపోర్టు, ఇప్పుడు వాడుతున్న మందుల చీటీ. వీటన్నిటికంటే ముఖ్యం, బాగున్నప్పుడు తీసిన ఒక ఈసీజీ. దాన్ని ఫోటో తీసి ఇంట్లో అందరి ఫోన్లలో పెట్టండి. అర్ధరాత్రి నొప్పితో వెళ్ళినప్పుడు, అక్కడి డ్యూటీ డాక్టరు కొత్త ఈసీజీలో కనబడిన గీత పాతదేనా, ఇవాళే వచ్చిందా అని తేల్చుకోవడానికి అది బాగా సాయపడుతుంది. మా నాన్న విషయంలో అలాగే జరిగింది. రెండోసారి నొప్పి వచ్చినప్పుడు పాత ఈసీజీ మా చెల్లెలి ఫోన్‌లో దొరికింది. డాక్టరు రెండూ పక్కపక్కన పెట్టి చూసి, ట్రోపోనిన్ రెండుసార్లు చేయించి, కొత్తదేమీ లేదని తెల్లవారేసరికి ఇంటికి పంపారు.